తెచ్చుకున్న నొప్పి, వచ్చిన నొప్పి

మా పీఈటీ మేడం పోయిందన్న కబురు నాకు గ్రౌండ్‌లో ఉండగానే తెలిసింది. పొద్దున ఆరు కూడా కాలేదు. ప్రాక్టీసుకు వచ్చిన ఆడపిల్లలు ఇరవై మంది వరకు వరుసగా నిలబడి చేతులు తిప్పుతున్నారు. మేడం ఇంకా రాలేదేమిటా అని గేటు వైపు చూస్తున్నాను. ఆలస్యంగా వచ్చే మనిషి కాదు. ఇంతలో ఫోన్ మోగింది. ఆమె నంబరే. నిన్నటి పనిలో ఏదో తప్పు పట్టుకుని తిట్టడానికి చేస్తోందనుకుని నవ్వుకుంటూ ఎత్తాను. ఆమె భర్త గొంతు వినిపించింది.

"మీ మేడం లేదు బిడ్డా" అన్నాడాయన.

ఎక్కడికి పోయింది అంకుల్ అని అడిగాను నేను. అంత మొద్దుదాన్ని. తరువాత వేరే ఎవరో ఫోన్ తీసుకుని, తెల్లవారుజామున గుండెపోటు వచ్చిందనీ, అంబులెన్సు వచ్చేసరికే అయిపోయిందనీ చెప్పారు. పిల్లలు చేతులు తిప్పుతూనే ఉన్నారు.

ఆమె దగ్గర శిక్షణ పొందినవాళ్ళంతా కలిసి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. నన్ను నాలుగు పేజీలు రాయమన్నారు. మంచి జ్ఞాపకాలు రాయి అన్నారు. మంచివి కావలసినన్ని ఉన్నాయి. కానీ వాటికంటే ముందు చెప్పుకోవాల్సిన చెడ్డది ఒకటి ఉంది, అది నాది. పోయే ముందురోజు పొద్దున మేడం నాతో ఎడమ చెయ్యి నొస్తోందని చెప్పింది. నేను విన్నాను. విని నవ్వాను. నవ్వి నా పనిలో నేను పడ్డాను. ఎవరికీ చెప్పుకోని ఈ మాట మూడు వారాల పాటు నాలోనే ఉండిపోయింది. ఆమె భర్తకు చెప్పకుండా మీకు చెప్పడం న్యాయం కాదు కాబట్టి, ఇది రాయడానికి కూర్చునే ముందు ఆ ఇంటికి వెళ్ళి వచ్చాను. అక్కడ ఏమైందో కూడా చెబుతాను. ముందు ఆమె ఎలాంటిదో మీకు తెలియాలి.

ఇంకొక్క మాట. మేము ఆమెను 'మేడం వచ్చింది, మేడం అన్నది' అనే అంటాం. 'వచ్చారు, అన్నారు' అంటే, నేనేమన్న కలెక్టర్‌నా అని కసిరేది. ఇక్కడ కూడా అట్లాగే రాస్తున్నాను. మర్యాద తెలియని పిల్ల అనుకోకండి.

హన్మకొండలో సర్కారు బడుల్లో ముప్పై ఏళ్ళు పీఈటీగా చేసి, మూడేళ్ళ కింద రిటైరైంది. మనిషి ఇంతే, నా భుజం దాకా వచ్చేది. చుడీదార్ కింద స్పోర్ట్స్ బూట్లు, మెడలో నల్ల తాడుకు విజిల్. ఆ విజిల్ ఊదగా నేను ఎప్పుడూ చూడలేదు. ఊదాల్సిన అవసరం ఉండేది కాదు, ఆమె గొంతు సుబేదారి గ్రౌండ్‌లో ఈ మూల నుంచి ఆ మూలకు వినిపించేది. పొద్దున బడికి వెళ్ళేలోపు రెండు గంటలు, కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం పల్లెల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండే ఆడపిల్లలకు పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ నేర్పేది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. ఆదివారం మాత్రం చర్చి ఉంది, రాను అనేది. అన్నా ఒక్కోసారి చర్చికి పోతూ పోతూ, తెల్ల చీర మీదే గ్రౌండ్ పక్కన స్కూటీ ఆపి, మేము వార్మప్ ఎగ్గొడుతున్నామేమో చూసి పోయేది.

ఆమె ఇంట్లో ఫ్రిజ్ గురించి చెప్పాలి. డీప్‌ఫ్రీజర్ నిండా పాల ప్యాకెట్లు ఉండేవి, వాటిలో పాలు ఉండేవి కావు. ఖాళీ ప్యాకెట్లు కడిగి, నీళ్ళు పోసి, మూతి ముడివేసి గడ్డ కట్టించేది. రోజూ పొద్దున నాలుగు ప్యాకెట్లు పాత తువ్వాలలో చుట్టి స్కూటీ డిక్కీలో వేసుకుని వచ్చేది. మేము చేతులు ఇరగ్గొట్టుకుంటామని ఆమెకు అంత నమ్మకం.

నిజమే, ఏదో ఒక చెయ్యి రోజూ నొచ్చేది. మొదటిరోజు ఉత్సాహంగా విసిరిన పిల్ల రెండోరోజు జడ వేసుకోలేక ఏడుస్తూ వచ్చేది. ఎవరు ఏడ్చినా మేడం మొదట అడిగేది ఒకటే. "ఏడ నొస్తాంది? ఒక్క వేలుతోటి చూపు." చూపించాక చెయ్యి ఎత్తమనేది, మడవమనేది, తిప్పమనేది, తన అరచేతికి ఆనించి నెట్టమనేది. కదిలిస్తే ఎక్కువయ్యేదీ, ఆపితే తగ్గేదీ, వేలికి దొరికేదీ అయితే అది చేతి నొప్పే, కండో కీలో అలిసిందన్నమాట. కొత్తగా బరువు ఎత్తితే మర్నాడు పట్టేసినట్టుండడం మామూలే, మాత్రలు మింగొద్దు, మంచం ఎక్కొద్దు, ఉత్త చేతులు మెల్లగా ఆడిస్తూ ఉండండి, బాగా నీళ్ళు తాగి నిద్రపోండి, రెండు మూడు రోజులకు అదే పోతుంది అనేది. ఎట్లా కదిలించినా ఒకే తీరుగా ఉండే నొప్పి, వేలికి దొరకక అరచెయ్యి మొత్తం వేసి నిమురుకునే నొప్పి మాత్రం ఆమెకు నచ్చేది కాదు.

"తెచ్చుకున్న నొప్పి దానంతటదే పోతది. వచ్చిన నొప్పిని మాత్రం ఎందుకొచ్చినవే అని అడగాలె" అనేది. ఈ మాట ఎన్నిసార్లు విన్నామంటే, ఆమె వెనక మేము ఆమె గొంతుతో అనుకరించి నవ్వుకునేవాళ్ళం.

నా చేతి సంగతి చెబుతాను. మాది తొర్రూరు పక్క పల్లె. డిగ్రీ అయ్యాక కానిస్టేబుల్ పరీక్షల కోసం వచ్చి సుబేదారిలో హాస్టల్లో చేరాను. పత్తి ఏరే రోజుల్లో కూలీలు దొరకడం లేదని అమ్మ ఫోన్ చేస్తే వారం రోజులు ఊరికి పోయాను. పొద్దంతా పత్తి ఏరి ఏరి వేళ్ళు, మణికట్టు పట్టేసి ఉన్నాయి. తిరిగి వచ్చినరోజే, పోయిన వారం అంతా ఒక్క పూటలో రాబట్టాలని, చేతులు కాస్తయినా వేడెక్కకముందే షాట్‌పుట్ ఎత్తి విసిరాను. మోచేతి బయటవైపు చురుక్కుమంది. మధ్యాహ్నానికి టీ గ్లాసు ఎత్తలేకపోయాను.

మేడంకు చెబితే ఆపేస్తుందని భయం. చెప్పకుండా బస్సెక్కి మళ్ళీ ఊరికి పోయాను. మా దగ్గర నొప్పి అంటే రుద్దాల్సిందే. రుద్దకపోతే ఆ ఇంట్లో ప్రేమ లేనట్టు లెక్క. అమ్మ నన్ను పక్క ఊళ్ళో నరాలు సరిచేసే ముసలాయన దగ్గరికి తీసుకుపోయింది. ఆయన నూనె వేడి చేసి, బొటనవేలితో మోచెయ్యిని అరగంట పిసికి, నరం తొవ్వకు వచ్చిందని చెప్పి, గుడ్డతో బిగించి కట్టు కట్టాడు. తెల్లారేసరికి చెయ్యి బూరెలా పొంగింది. వేళ్ళు తిమ్మిరెక్కి నావి కానట్టే ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు మేడం దగ్గరికి పరుగెత్తాను.

ఆమె ముందు తిట్టలేదు. కట్టు విప్పింది. ఒక్కొక్క గోరు మీద నొక్కి వదిలి, ఎర్రదనం తిరిగి వస్తోందా లేదా అని చూసింది. చేతి కింద దిండు పెట్టింది. మంచు ప్యాకెట్‌కు తువ్వాల చుట్టి పావుగంట ఉంచి తీసి, రెండు గంటలు ఆగి మళ్ళీ పెట్టింది. బొక్కకు ఏమీ కాలేదని ఎక్స్‌రేలో తెలిసి దవాఖాన నుంచి బయటికి వచ్చాక, రోడ్డు మీద నిలబెట్టి తిట్టింది.

"తాజా దెబ్బ పసిపిల్ల అసొంటిది. దాన్ని పండనియ్యాలె గని పిసుకుతరానే?"

ఏడ్చుకుంటూ, పిసికింది నేను కాదు మేడం అన్నాను. పిసికించుకున్నది ఎవరు మరి అంది. వాపు తగ్గేదాకా వేడి పెట్టొద్దు, రుద్దొద్దు, విసరొద్దు అని మూడు వద్దులు చెప్పింది. వారం తరువాత చెయ్యి మెల్లగా చాపడం, మడవడం. ఆ తరువాత తడి తువ్వాల పిండడం. పిండుతుంటే పానం పోయినంత పనయ్యేది, ఆమె మాత్రం పక్కన నిలబడి బఠాణీలు తింటూ ఇంకో పది అనేది. ఆ తరువాత నీళ్ళ సీసా ఎత్తడం. ఈలోగా నా కాళ్ళను వదల్లేదు. షాట్‌పుట్ చేత్తో విసిరేది కాదు పిచ్చిదానా, కాళ్ళతో విసిరేది, చెయ్యి ఊరికే సాగనంపుతది అనేది. ఈవెంట్స్ అనే ఆ పరుగు, విసురుడు పరీక్షల నాటికి గట్టెక్కాను. తరువాత రాతపరీక్షలో మార్కులు చాలలేదు, ఆ పాపం నాదే. ఊరికి పోయి కూర్చుంటానంటే, ఒక ప్రైవేటు బడి యజమానితో మాట్లాడి నన్ను అక్కడ పీఈటీగా కుదిర్చింది. బడికి ముందు, పొద్దున్నే ఆమెకు సాయంగా గ్రౌండ్‌కు కూడా పోతూనే ఉన్నాను. ఈ ఎనిమిదేళ్ళుగా నేను తింటున్న అన్నం ఆమె పెట్టిందే. నా కుడిచెయ్యి ఇవాళ ఈ మాటలు రాస్తోందంటే అది కూడా ఆమె నిలబెట్టిందే.

ఇక హమాలీ అన్న సంగతి. కేసముద్రం మార్కెట్‌లో బస్తాలు మోసే మనిషి. ఆయన బిడ్డ మాతో పాటు ప్రాక్టీసుకు వచ్చేది. ఒకరోజు పొద్దున ఊరి నుంచి తొలి రైలుకు బిడ్డను దింపడానికి వచ్చి, చెయ్యి బాగా గుంజుతోంది, నిన్న బస్తాలు ఎక్కువ పడ్డాయి, ఏదన్నా కట్టు కట్టు మేడం అన్నాడు. మేడం మామూలుగానే వేలితో చూపించమంది. ఆయన చూపించలేకపోయాడు. అరచేత్తో భుజం నుంచి మోచేతి దాకా రాసుకుంటూ ఇదంతా మేడం అన్నాడు. చెయ్యి ఎత్తించింది, దించింది. ఏం తేడా లేదన్నాడు. మెడ మీద చెయ్యి వేసి చూస్తే చెమట. మేడం ఇంకో మాట మాట్లాడలేదు. ఆటో పిలిచి, ఆయన వద్దంటున్నా వినకుండా ఎక్కించి, తను పక్కన కూర్చుని తీసుకుపోయింది. ఇంకో గంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని అక్కడి డాక్టర్లు అన్నారు.

మర్నాడు మా అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. పిల్లల్లారా, మీరు రేపు ఎక్కడ పని చేసినా ఇది గుర్తుంచుకోండి, పెద్దవాళ్ళు చెయ్యి గుంజుతోందని, చెమటలు పడుతున్నాయని, ఆయాసంగా ఉందని అంటే ఐసు, కట్టు, మలాం ఏదీ వద్దు, సీదా దవాఖాన. గుండె నొప్పి ఛాతీలోనే రావాలని లేదు, ఆడవాళ్ళకైతే అసలు చెప్పి రాదు అంది. నేను ముందు వరుసలో కూర్చుని విన్నాను. నా పిల్లలకు ఆ మాటలే ప్రతి సంవత్సరం చెప్పాను.

ఇక ఆ రోజు.

మా బడిలో స్పోర్ట్స్ డే. మేడం రిటైరయ్యాక ప్రతి ఏడూ మా గ్రౌండ్‌కు వచ్చి, ట్రాక్ గీతలు తనే దగ్గరుండి వేయించేది. నేను వేస్తే గీత గేదె నడిచినట్టుంటుందని ఆమె అభిప్రాయం. ముందురోజు సాయంత్రం కూడా వచ్చి పిల్లలకు డిస్కస్ ఎట్లా పట్టుకోవాలో చూపించింది, ముగ్గుపిండి సంచులు వద్దంటున్నా ఎడమ భుజానికి ఎత్తుకుని మోసింది. స్పోర్ట్స్ డే పొద్దున ఎనిమిదిన్నరకు మైకు పనిచెయ్యడం లేదు, చీఫ్ గెస్ట్ దారిలో ఉన్నానని ఫోన్, మార్చ్‌పాస్ట్‌కు ఒక హౌసు జెండా దొరకడం లేదు. నా తల ప్రాణం తోకకు వచ్చింది. మేడం షామియానా కింద కుర్చీలో కూర్చుని ఉంది. గ్రౌండ్‌లో ఆమె కూర్చుని ఉండగా అదివరకు నేను చూడలేదు. ఆ సంగతి అప్పుడే తోచాల్సింది.

"ఎడమ చెయ్యి గుంజుతాందే. నిన్న సంచులు మోసిన గద" అంది.

నేను మైకు వైరు చేతిలో పట్టుకుని, ఆమె గొంతునే అనుకరిస్తూ, "తెచ్చుకున్న నొప్పే మేడం, దానంతటదే పోతది" అన్నాను. పక్కనున్న టీచర్లు నవ్వారు. మేడం కూడా నవ్వింది. నాకే చెప్తానవా అంది. అంటూ చున్నీతో మొహం తుడుచుకుంది. డిసెంబరు పొద్దు. పిల్లలు స్వెట్టర్లు వేసుకుని ఉన్నారు. కుడి అరచేతితో ఎడమ చేతిని భుజం నుంచి కిందిదాకా నిమురుకుంది, మళ్ళీ పైనుంచి నిమురుకుంది. నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. ఇంతలో జెండా దొరికిందని ఎవరో కేక వేస్తే అటు పరుగెత్తాను.

పదకొండు గంటలకు చూస్తే కుర్చీలో నిటారుగా కూర్చుని రిలే చూస్తోంది. తగ్గిందా మేడం అని దూరం నుంచి సైగ చేశాను. తగ్గింది అన్నట్టు చెయ్యి ఊపింది. ఒంటిగంట ప్రాంతంలో ఇంటికి పోతానంది. ఆటో ఎక్కించాను. స్కూటీ రేపు తీసుకుపోతాలే అంది. ఎందుకు నడపలేవని అప్పుడైనా నేను అడగలేదు. ఏడ నొస్తాంది, వేలుతోటి చూపు అన్న ఒక్క ప్రశ్న. ఎవరికి చెయ్యి నొచ్చినా ఎనిమిదేళ్ళుగా రోజూ అడుగుతున్న ప్రశ్న, అది నేర్పిన మనిషిని మాత్రం అడగలేదు. ఆమెకు కూడా నొప్పి ఉంటుందని, ఆమె శరీరం కూడా మా అందరిలాంటిదేనని నాకు తోచలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఆ చెట్టు మందు ఆమెకూ పనికిరాలేదు, పక్కనే ఉన్న నాకూ గుర్తురాలేదు. గ్రౌండ్‌లో బతికేవాళ్ళ పొరపాటు ఇది. మాకు ప్రతి నొప్పికీ నిన్న చేసిన పని ఒకటి సిద్ధంగా ఉంటుంది, దాని నెత్తిన రుద్దేసి ఊరుకుంటాం.

సమాధి చేసిన రోజు చర్చిలో జనం పట్టలేదు. బయట రోడ్డు దాకా నిలబడ్డారు. యూనిఫాంలో వచ్చిన కానిస్టేబుల్ పిల్లలే ఎందరో లెక్క తెలియలేదు. సమాధుల తోటలో పెట్టె దించాక అందరం మన్ను వేశాం. నా పక్కన హమాలీ అన్న నిలబడి ఉన్నాడు. బక్కచిక్కి, జుట్టు తెల్లబడి, బతికి ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, నన్ను కాపాడిన తల్లికి ఎవలు లేకపాయెనా బిడ్డా, పక్కన ఒక్కలన్న ఉంటే తీస్కపోయెటోళ్ళు గద అన్నాడు. ఆయనకు ఏమీ తెలియదు. ఊరికే బాధకొద్దీ అన్నాడు. నేను ఆయన మొహం చూడలేక చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాను.

తరువాత జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు మైకు ఇచ్చి, మీరు చివరిరోజు ఆమెతో ఉన్నారు కదా, రెండు మాటలు చెప్పండి అన్నారు. పాల ప్యాకెట్ల సంగతి చెప్పాను. గేదె గీతల సంగతి చెప్పాను. అందరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ముందు వరుసలో కూర్చున్న అంకుల్ కూడా నవ్వాడు. అంత చెప్పి, చెప్పాల్సింది చెప్పకుండా మైకు ఇచ్చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఇప్పటికీ వేస్తోంది.

పోయిన ఆదివారం, చర్చి విడిచే వేళ చూసుకుని వాళ్ళింటికి పోయాను. అంకుల్ రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. మాటలు తక్కువ. మేడం మాట్లాడుతుంటే పక్కన కూర్చుని తల ఊపడమే ఆయన పని అని మేము అనుకునేవాళ్ళం. పిల్లలిద్దరూ హైదరాబాదులో ఉద్యోగాల్లో ఉన్నారు, జ్ఞాపకార్థ కూడిక అయ్యాక వెళ్ళిపోయారు. తనే టీ పెట్టి తెచ్చాడు. చక్కెర మరిచిపోయాడు. నేను తాగాను.

మొత్తం చెప్పాను. ఎనిమిదిన్నరకు ఆమె అన్నది, నేను వెక్కిరించినట్టు అన్నది, చెమట తుడుచుకున్నది, అరచేత్తో నిమురుకున్నది, ఆటో ఎక్కించినది, ఏదీ దాచలేదు. అప్పుడే దవాఖానకు తీసుకుపోయి ఉంటే మేడం ఉండేది అంకుల్, నేను తీసుకుపోలేదు అన్నాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండనిపించింది. ఆయన లేచి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చి, నా ఎదురుగా కూర్చున్నాడు.

"నాకు గూడ చెప్పింది బిడ్డా" అన్నాడు.

ఇంటికి వచ్చి బూట్లు విప్పుతూనే చెప్పిందట. సంచులు మోసిన కదనయ్యా, చెయ్యి గుంజుతాంది, జర మలాం రాయవా అందట. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఆయనను ఏదీ అడిగిన మనిషి కాదట. జ్వరం వచ్చినా నీళ్ళ గ్లాసు తనే తెచ్చుకునేది, కాలు బెణికినా ముట్టనిచ్చేది కాదు, నీకు తెలియదు ఊకోవయ్యా అనేది. అట్లాంటిది నోరు తెరిచి అడిగింది.

"నేను సంబురపడ్డ బిడ్డా. అరగంట రాసిన. చెమటలు వడ్తె ఫ్యాను ఏసిన."

ఆ మాట చాలాసార్లు లోపల లోపల అనుకుని అరిగిపోయిన మాటలా వచ్చింది. నాకు అర్థమైంది. ఇల్లంతా జనంతో ఉన్నప్పుడూ, చర్చిలోనూ, నేను మైకులో పాల ప్యాకెట్ల కథ చెప్పి నవ్వించినప్పుడూ ఈయన ఇదే మోస్తున్నాడు. నేను క్షమించమని అడగడానికి వచ్చాను. ఆయన కూడా ఎవరినో ఒకరిని అడగడానికి ఎదురుచూస్తున్నాడు.

కాస్త ముందుకు వంగాడు. "రుద్దొద్దు రుద్దొద్దు అని లోకానికంత చెప్పేది గద. నేను రుద్దుడుతోటి గుండెకు ఏమన్న అయిందా? నీకు ఎరుకుంటది. పిల్లలను అడుగలేను."

"లేదంకుల్. రుద్దినందుకు ఏం గాలేదు" అన్నాను.

అది నిజం. మలాం వల్ల ఏమీ కాలేదు. చెయ్యాల్సింది వేరే ఉంది, అది నాకు తెలుసు, ఆయనకూ ఇప్పుడు తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. నేను చెప్పుకున్న తప్పుకు ఆయన క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. ఆయనకు నా తప్పు వినిపించిందో లేదో కూడా నాకు తెలియదు. తనది అంత పెద్దగా మోగుతోంది ఆయన చెవుల్లో.

నేను లేచాను. ఆయన లేవలేదు. గోడ వైపు చూస్తూ, నాతోనో ఇంకెవరితోనో, "మంచిగున్నదన్నది. నీ చేతుల ఏమున్నదయ్యా అన్నది. రాత్రి అట్లనే నిద్రవోయింది" అన్నాడు. ఆయన కుడిచెయ్యి మోకాలి మీద ఉంది. బొటనవేలు లుంగీ బట్టను నెమ్మదిగా గుండ్రంగా రుద్దుతోంది. నేను చెప్పులు వేసుకుని, గేటు తీసి, వేసి, వెనక్కి తిరిగి చూసినప్పుడు కూడా రుద్దుతూనే ఉంది.